ప్లయరు పెట్టిన నట్టు

4, మంగళవారం

అల్లుడు పని మీద ఎక్కడికో వెళ్లి ఇవాళ దిగాడు. నాకోసం ఒక వస్తువు తెచ్చాడు. అరచేతిలో పట్టే ఇనుప ముక్క. విప్పితే ప్లయరు. దాని రెండు కాళ్లలోనూ దాక్కుని చాకు, రంపం, ఆకురాయి, కత్తెర, రెండు స్క్రూడ్రైవర్లు, తోలుకు బెజ్జం పెట్టే సూది, డబ్బా మూత తీసేది, ఇంకా ఏవేవో.

"మామయ్యగారూ, పద్నాలుగు పనిముట్లు! జేబులో వేసుకోండి. మీ పెట్టె లేని లోటు తీరిపోతుంది."

లెక్కపెట్టాను. పదకొండే. తాడు కట్టుకునే రింగుని కూడా పనిముట్ల లెక్కలో కలిపారు. రింగు పనిముట్టయితే నా చొక్కా బొత్తం కూడా పనిముట్టే అన్నాను. కూతురు నవ్వింది. అల్లుడు నవ్వలేదు.

ప్లయరు నోరు పిల్లి నోరంత ఉంది. పదకొండు మంది పనివాళ్లని ఒక్క గదిలో కుక్కితే ఎవడూ చెయ్యి చాపలేడు. ఇదీ అంతే. సొరుగులో పడేశాను.

మిల్లులో యంత్రాలు బిగించే ఫిట్టర్ని, నా పనిముట్ల పెట్టెను ఇద్దరు మోసేవాళ్లు. మా ఆవిడకి పక్షవాతం వచ్చాక కూతురు మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకుంది. ఈ గదిలో మంచం, చక్రాల కుర్చీ పోగా పెట్టెకి చోటు లేదు. నా తర్వాతి ఫిట్టరుకి ఇచ్చేశాను. నేనే ఇచ్చాను. ఎవరూ అడగలేదు. ఒక్క స్పానర్ కూడా ఉంచుకోలేదు. ఇస్తే మొత్తం ఇవ్వాలి.

షిఫ్టు పుస్తకం రాసి రాసి నాకు అక్షరాలు వచ్చాయి, బడిలో కాదు. ఇప్పుడు షిఫ్టు లేదు. ఇది రాసుకుంటున్నాను.

6, గురువారం

ఊరికే తీసి చూశాను. చాకు తెరుచుకుంది, మళ్లీ మూసుకోదు. నొక్కాను. ఇంకా నొక్కాను. చూపుడు వేలు తెగింది.

ఆయమ్మ చూసింది. పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరు దాకా మా ఆవిణ్ణి చూసుకునే మనిషి. నలభై ఏళ్లుంటాయి. నోరు మాత్రం ఎనభై ఏళ్లది.

"పెద్దయ్యా, అక్కడ చిన్న రేకుంది చూడండి. దాన్ని పక్కకి నెట్టి మూయాలి. లేకపోతే అది మూసుకోదు, మీరు మూసుకుపోతారు."

"నాకు తెలుసు."

"తెలిసే కోసుకున్నారా?"

ఇరవై మందికి పని నేర్పినవాణ్ణి. చాకు మూయడం ఆయమ్మ నేర్పింది. కూతురితో గ్లాసు పగిలిందని చెప్పాను. ఆయమ్మ పక్కనే ఉంది, నోరు మెదపలేదు. ఆ మేలు నేను అడగలేదు.

9, ఆదివారం

వాడుతున్నాను. రాసుకోవడానికి సిగ్గెందుకు.

కత్తెరతో ఆవిడ గోళ్లు తీశాను. గరుకుని ఆకురాయితో నున్నగా చేశాను. చాకుతో మాత్రని సగానికి కోశాను, పొడి రాలలేదు. కుర్చీలో ఆవిణ్ణి పట్టి ఉంచే బెల్టు వదులైంది, మనిషి చిక్కిపోయింది కదా. సూదితో రెండు కొత్త బెజ్జాలు పెట్టాను. సూదిని గుచ్చకూడదు, ఆగి ఆగి తిప్పాలి. అప్పుడు తోలు చిరగదు.

"సరిపోయిందా?" అన్నాను.

"సరే" అంది.

ఆవిడకి మిగిలింది ఆ మాట ఒక్కటే. ఆకలేస్తే సరే, నొప్పేస్తే సరే, కోపం వస్తే సరే. నలభై ఆరేళ్ల కాపురంలో నా మాటకి ఒక్కసారి సరే అన్న పాపాన పోలేదు. ఇప్పుడు బాకీ అంతా తీర్చేస్తోంది.

సాయంత్రం కూతురు నన్ను బాల్కనీలోకి పిలిచింది.

"నాన్నా, ఆయన ఆ వృద్ధుల హోమ్ చూసొచ్చారు. శుభ్రంగా ఉందట. ఇరవై నాలుగు గంటలూ నర్సులు."

"మీ అమ్మ ఎక్కడికీ వెళ్లదు."

"నేను పంపిస్తానన్నానా? నువ్వూ ఆయమ్మా చూసుకోగలిగినంత కాలం ఇక్కడే ఉంటుంది. కానీ ఒక్కసారి పడిందంటే మాత్రం నా వల్ల కాదు నాన్నా. నేను ఆఫీసులో కూర్చుని గుండె చేత్తో పట్టుకుని బతకలేను."

"పడదు."

"నువ్వు ఉన్నావనే ధైర్యం" అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

12, బుధవారం

కుర్చీకి కుడి బ్రేకు జారుతోంది.

బ్రేకంటే ఒక మీట. ముందుకు లాగితే ఇనుప కొన టైరుని నొక్కుతుంది. ఆ మీటని కుర్చీ గొట్టానికి ఒక పట్టీ పట్టుకుని ఉంటుంది. పట్టీకి పది నంబరు నట్టు. నట్టు వదులైతే పట్టీ గొట్టం మీద జారుతుంది. మీట వేసినట్టే కనపడుతుంది, టైరు మాత్రం తిరుగుతుంది. చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యే పని. పది నంబరు స్పానర్ ఉంటే అర నిమిషం.

కింద సైకిల్ షాపు ఉంది. అక్కడి మెకానిక్‌ని అందరూ గ్రీజు అంటారు. స్పానర్లు మేకుకి వేలాడదీసి ఉంటాయి, దారినపోయేవాళ్లకి కూడా కనపడతాయి. వెళ్లాను. నా చేతిలో ఆ జేబు వస్తువు ఉంది.

"ఏం పెద్దాయనా, మీ వర్క్‌షాపు విప్పి చూపించండి, మేమూ నేర్చుకుంటాం!" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు ఇకిలించారు.

సైకిలుకి గాలి కొట్టడానికి ఎంత తీసుకుంటావని అడిగి వచ్చేశాను.

మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. ఫిట్టరన్నవాడు స్పానర్ అప్పు అడగడు. పెళ్లాన్ని అప్పు అడిగినట్టు చూస్తారు. ముప్పై ఎనిమిదేళ్లలో నేను ఎవణ్ణీ అడగలేదు. సైకిళ్లకి గాలి కొట్టేవాణ్ణి అడుగుతానా?

నట్టుకి ఆరు మూలలు. స్పానర్ రెండు చదునులని పట్టుకుంటుంది. ప్లయరు మూలలని కొరుకుతుంది. నట్టు మీద ప్లయరు పెట్టినవాడి చెవి మెలిపెట్టేవాణ్ణి. అందరి ముందే.

ప్లయరు పెట్టాను. ఒకసారి జారింది. రెండోసారి జారింది. మూలలు కొంచెం పోయాయి. ఈ వస్తువు పళ్లలో పస లేదు. పైగా చలి, వేళ్లు మాట వినలేదు. చివరికి పట్టింది.

బిగిసింది. తోసి చూశాను, కదల్లేదు. బిగిసింది.

నల్ల టేపు చుట్టాను. ఎందుకని ఆయమ్మ అడిగితే చీర చిక్కుకోకుండా అన్నాను.

13, గురువారం

బ్రేకు బాగుంది.

14, శుక్రవారం

బాగుంది.

16, ఆదివారం

ఆదివారాలు ఆయమ్మ రాదు, ఇవాళ సగం పూట వచ్చింది. ఆవిడకి తలస్నానం చేయించి కుర్చీలో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్యా, కుడి బ్రేకు నాకు అనుమానంగా ఉంది. పోతూ పోతూ కింద షాపులో చూపించనా? రెండు నిమిషాలు."

"నా చేతి పనికి నీ సర్టిఫికెట్టా?"

"సర్టిఫికెట్టు కాదు. అమ్మని తోసేది నేను."

"తోసే పని తొయ్యి. చేసే పని నేను చేస్తా."

"మీ ఇష్టం. రాజుగారి మాటకి తిరుగేముంది" అని వెళ్లిపోయింది. పొగరు. మంచి పనిమనిషికి ఉండేంత పొగరే, అంతకంటే లేదు.

టేపు విప్పి చూద్దామనుకున్నాను. విప్పితే మళ్లీ చుట్టాలి.

19, బుధవారం

ఆవిడ పడింది.

20, గురువారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను, వరసగా.

పదిన్నర. ఆయమ్మ ఆవిణ్ణి ఎండకి కిందికి తీసుకెళ్లింది. నేనూ వెనకాలే ఉన్నాను. బిల్డింగు ముందు వాలు ఉంది, ఆరడుగులు, కింద మురికికాలవ గోడ. వాలు మొదట్లో కుర్చీ ఆపింది. రెండు బ్రేకులూ వేసింది. వేయడం చూశాను. గేటు గొళ్లెం పెట్టడానికి తిరిగింది. కుర్చీ కుడి పక్క ముందు కదిలింది, ఎడమ పక్క ఆగింది, గిర్రున తిరిగి అడ్డంగా దొర్లింది. ఆవిడ చెయ్యి గోడకి కొట్టుకుంది.

"సరే, సరే, సరే" అంటోంది. రోడ్డు మీద వాళ్లంతా చూస్తున్నారు, ఈవిడ సరే అంటోంది.

కుడి మణికట్టు విరిగింది. కనుబొమ మీద నాలుగు కుట్లు.

ఆసుపత్రి వరండాలోకి కూతురు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆయమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చీర నిండా ఆవిడ రక్తం.

"బ్రేకు వేశావా?"

"వేశానమ్మా."

"వేస్తే ఎలా జారింది?"

"వేశానమ్మా. రెండూ వేశాను."

కూతురు నా వైపు తిరిగింది. అడగలేదు. చూసింది.

"బ్రేకు వేస్తే కుర్చీ జారదు" అన్నాను.

అంతే అన్నాను. వేయలేదు అనలేదు. బ్రేకు వేస్తే కుర్చీ జారదు, అది ఎవరైనా ఒప్పుకునే మాట. నేను అబద్ధం ఆడలేదు.

ఆయమ్మ నా వైపు చూసి తల దించుకుంది.

21, శుక్రవారం

ఆయమ్మని మాన్పించేశారు. చేతికి కట్టుతో మా ఆవిడ ఇంటికి వచ్చింది. ఇంకో మనిషిని చూస్తున్నానని కూతురు అంది. హోమ్ మాట ఎత్తలేదు.

"తప్పు మనది కాదు కదా నాన్నా. మనిషి మారితే చాలు" అంది.

రెండు వీధులవతల ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లాను. పది నంబరు స్పానర్, కొత్త నట్టు, కొత్త బోల్టు కొన్నాను. ఎవరూ లేనప్పుడు మార్చాను. స్పానర్‌కి రెండు చేతులూ వేసి బిగించాను. పాత నట్టు గుండ్రంగా అయిపోయింది, గోలీకాయలాగా. కాలవలో పారేశాను.

తేలు కుట్టిన దొంగ అరవడు. అరవక ఏం చేస్తాడో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్లతో కలిసి కూర్చుని తింటాడు. నేను తిన్నాను.

24, సోమవారం

కొత్త మనిషి వచ్చింది. చెవుల్లో తీగలు పెట్టుకుని ఆవిడ నోట్లో చెంచా పెడుతుంది. ఆవిడ మింగదు. చెంప మీద కారుతుంది. ఆ మనిషి తుడుస్తుంది, బల్ల తుడిచినట్టు.

తొమ్మిది కొట్టేసరికి ఆవిడ కళ్లు తలుపు మీదకి పోతాయి. తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉంటాయి.

రెండు రోజులైంది, సరే అనడం కూడా మానేసింది.

25, మంగళవారం

మాట లేదు.

27, గురువారం

ఆయమ్మ ఎక్కడ ఉందో గ్రీజుని అడిగాను. వాడికి ఊళ్లో అందరి సంగతీ తెలుసు. వాడు నవ్వలేదు. ఒక లాండ్రీ పేరు చెప్పాడు.

వెనక గది. ఆవిరి. దుప్పట్ల గుట్టలు. ఆయమ్మ ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఆపలేదు.

"అమ్మ ఎలా ఉంది?"

"తినడం లేదు."

"చెంచా ఎడమ పక్క నుంచి పెట్టమనండి. కుడి పక్క ఆమెకి తెలీదు. మూడుసార్లు గొంతు నిమిరితే మింగుతుంది."

నాకు తెలీని సంగతి అది. ఏడు నెలలు పక్కనే కూర్చున్నాను.

"ఆ నట్టు..." అన్నాను.

"ఊ. నట్టు."

"నీకు తెలుసా?"

"టేపు చుట్టిన రోజే తెలుసు పెద్దయ్యా. టేపు ఎవరైనా బాగున్నదానికి చుడతారా?"

"మరి మా అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"చెప్పలేదని ఎవరన్నారు? ఆసుపత్రి మెట్ల మీద చెప్పాను. బ్రేకు పెద్దయ్య చేశారు, సరిగ్గా పట్టలేదు, ఒకసారి చూపించండమ్మా అన్నాను. ఏమందో తెలుసా? 'మా నాన్న చెయ్యి పడిన నట్టు వదులవడం నేను పుట్టాక చూడలేదు. నీ తప్పు ఆయన నెత్తిన రుద్దకు' అంది."

ఆయమ్మ ఇస్త్రీపెట్టె మళ్లీ అందుకుంది.

"ఒట్టు, కోపం కూడా రాలేదు నాకు. నా కూతురు నా గురించి ఏనాటికైనా ఆ మాట అంటుందా అనుకున్నాను."

"నేను చెబుతాను దానికి."

"చెప్పండి. చెప్పకపోండి. నేను మాత్రం మళ్లీ మీ గడప తొక్కను. మూడిళ్లలో పని అడిగాను. 'ముసలావిణ్ణి పడేసింది నువ్వే కదూ' అన్నారు. అందుకే ఈ దుప్పట్లు. దుప్పట్లు పడిపోయినా ఎవరూ ఏడవరు."

28, శుక్రవారం

చెప్పలేదు. కూతురికి ఆఫీసులో పని ఎక్కువ.

చెంచా ఎడమ పక్క నుంచి పెట్టాను. నాలుగు చెంచాలు మింగింది.

29, శనివారం

చెప్పలేదు. నాకు ఒంట్లో బాగాలేదు.

ఒంట్లో బాగానే ఉంది. చెబితే ఆవిడ హోమ్‌కి వెళ్లిపోతుంది.

30, ఆదివారం

చెప్పాను.

పొద్దున్న టీ తాగుతున్నాం. కూతురు, అల్లుడు, నేను. ఆవిడ కుర్చీలో ఉంది.

"బ్రేకు ఆయమ్మ వేసింది. జారింది నా పని వల్ల. నట్టు నేను పాడు చేశాను" అన్నాను.

కూతురు నవ్వింది. "ఎవరు చెప్పించారు నాన్నా ఈ మాట? ఆమెని చూసొచ్చావా? నీకు ఈ మధ్య జాలి ఎక్కువైంది."

"జాలి కాదు. ప్లయరు పెట్టాను."

"నువ్వా? నట్టు మీద? నా చిన్నప్పుడు నేను బొమ్మ సైకిలుకి ప్లయరు పెడితే రెండు రోజులు మాట్లాడలేదు నువ్వు!"

అల్లుడు కూడా, "మామయ్యగారూ, ఆ కుర్చీ నేను చూశాను. నట్టు కొత్తదానిలా ఉంది, గట్టిగా ఉంది" అన్నాడు.

నిజమే. కొత్తదే. నేనే మార్చాను, పాతది నేనే పారేశాను. నన్ను పట్టించేది ఏదీ మిగల్లేదు. నలభై ఏళ్లు కట్టుకున్న పరువు గోడలా నిలబడి ఉంది, దానికి నేనే తల కొట్టుకోవాలి.

ఆవిణ్ణి మంచం మీదకి మార్చమన్నాను. కుర్చీని నేల మీద పడుకోబెట్టాను. జేబులోంచి అది తీశాను. నట్టుని స్పానర్‌తో కాస్త వదులు చేశాను, తర్వాత ప్లయరు పెట్టి, "చూడు" అన్నాను.

బిగించాను. జారింది. మళ్లీ పెట్టాను. కుడి బొటనవేలికి రెండేళ్లుగా పట్టు లేదు. అది కూడా చెప్పాను. ఒకరికి చెప్పడం ఇదే మొదటిసారి. చలి కాదు, వానా కాదు. వేలే. పెన్ను పట్టుకుంటుంది, గిన్నె పట్టుకుంటుంది. బిగించమంటే వదిలేస్తుంది. మళ్లీ పెట్టాను. కరకరమని చప్పుడు. మూలలు పొడిపొడిగా రాలాయి, నేల మీద మెరుస్తున్నాయి. చెయ్యి వణుకుతోంది. ఆపుకోలేదు. దాచకుండా వణకనిచ్చాను.

బిగిసినట్టే కనపడింది. బ్రేకు వేశాను. అరచేత్తో ఒక్క తోపు తోశాను. పట్టీ గొట్టం మీద జారిపోయింది.

ఇంకోసారి చూపిద్దామని ప్లయరు పెట్టబోయాను.

"చాలు నాన్నా" అంది. వచ్చి నా చేతిలోంచి అది తీసుకుంది. ఆ రేకు పక్కకి నెట్టాలని దానికి తెలీదు. తెరిచే పట్టుకుని నిలబడింది.

"ఆమెని నేను ఎంత మాటన్నానో తెలుసా నీకు?"

"తెలుసు. చెప్పింది."

"వరండాలో నేను ఆమెని నిలదీస్తుంటే పక్కనే నిలబడి విన్నావు. ఆసుపత్రిలో."

"విన్నాను."

కోప్పడితే బాగుండేది. నాలాగే అరుస్తుందనుకున్నాను, నా పోలికే కదా. అరవలేదు. లోపలికి వెళ్లి హోమ్‌కి ఫోన్ చేసింది.

1, సోమవారం

కూతురు లాండ్రీకి వెళ్లొచ్చింది. ఏమైందని అడిగాను.

"క్షమాపణ ఎందుకమ్మా, పెద్దయ్యని ఆ మూడిళ్లకీ వెళ్లి నిజం చెప్పమనండి చాలు అంది" అని చీటీ నా ముందు పెట్టింది. మూడు ఇళ్ల నంబర్లు.

2, మంగళవారం

మూడిళ్లకీ వెళ్లాను. ఒక్కణ్ణే.

మొదటి ఇంట్లో తలుపు తీయలేదు. కిటికీలోంచి, "ఏమీ కొనం" అన్నారు. కిటికీకే చెప్పాను.

రెండో ఇంట్లో, "అయ్యో, వేరే మనిషిని పెట్టేసుకున్నామే" అన్నారు.

మూడో ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అంతా విన్నారు. విని, "తాతగారూ, మీ వాళ్ల ఫోన్ నంబరుందా? ఇల్లు ఎటో గుర్తుందా?" అని అడిగారు. నాకు మతి తప్పిందనుకున్నారు. జీవితంలో ఒక్క నిజం మోసుకుని గుమ్మం గుమ్మం తిరిగితే దానికి దక్కిన విలువ అది. మతి బాగానే ఉందని వాళ్లకి నమ్మకం కలిగేలా ఆయమ్మ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ ఇంటాయన తల ఊపుతూ నన్ను లిఫ్టు దాకా దిగబెట్టాడు.

ఆ ఇంట్లో ఆయమ్మకి పని దొరుకుతుందో లేదో తెలీదు.

5, శుక్రవారం

ఇవాళ ఆవిణ్ణి హోమ్‌లో చేర్చారు.

మంచి చోటే. కిటికీ పక్క మంచం. నేల తళతళలాడుతోంది. నర్సుకి చెంచా సంగతి చెప్పాను. ఎడమ పక్క నుంచి, మూడుసార్లు గొంతు నిమిరి. "మాకు తెలుసండీ" అంది. ఆవిడ నర్సు వైపు చూసింది. నా వైపు చూడలేదు. దుప్పటి సర్దుతుంటే, రెండు వారాల తర్వాత మొదటిసారి, "సరే" అంది. నర్సుతో అంది.

ఆఫీసు గదిలో కాగితాలు. ఎవరు బాధ్యత తీసుకుంటున్నారు అనే చోట నేను పెన్ను తీశాను. సంతకం నాకు బాగా వచ్చు. కూతురు కాగితం తన వైపు తిప్పుకుని సంతకం పెట్టింది.

బల్ల అవతల గుమాస్తా నన్ను చూపించి, "ఈయన?" అని అడిగాడు.

"మా నాన్న" అంది. "చూడ్డానికి వస్తుంటారు."

నాలుగు నుంచి ఆరు దాకా అని గుమాస్తా నాకు వేళ్లు చూపించి చెప్పాడు, చెవుడేమోనని.

6, శనివారం

మూడింబావుకే వెళ్లాను. నాలుగింటి దాకా గేటు బయట నిలబెట్టారు.